దుప్పటి కింద కుడికాలు

తలకు నూనె రాసుకుని వచ్చిన మనిషిని ఆక్సిజన్ చాంబర్‌లోకి పంపకండి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. ఆఖరి పాఠం నేర్చుకోవడానికి ఒక మనిషి కాలు పోయింది. మధ్యలో ఉన్నవన్నీ కొత్త నర్సులైన మీకు ట్రైనింగులో ఎలాగూ చెబుతారు కాబట్టి ఆ రెండింటి గురించే ఎక్కువగా రాస్తాను.

నా పేరు విమల. ఊరు తాడేపల్లిగూడెం. మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని, ఉద్యోగ జీవితమంతా ఏలూరు ప్రైవేటు ఆసుపత్రుల్లో గడిపాను. పొద్దున పాసింజరు ఎక్కి వెళ్లడం, సాయంత్రం పాసింజరులో తిరిగి రావడం. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని రైల్లో అడిగేవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేదాన్ని. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పొరపాటులో దానికీ కొంత వాటా ఉంది.

గాజు గొట్టం

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మా ఆసుపత్రి యజమాని ఆ యంత్రాన్ని తెప్పించారు. ఆయన సర్జను, మేమంతా పెద్ద డాక్టరుగారు అనేవాళ్లం. మనిషి పొడవుకన్నా కాస్త పెద్దదైన పారదర్శకమైన గొట్టం అది. నిజానికి అది గాజు కాదు, మందపాటి ప్లాస్టిక్. కానీ అందరం గాజు గొట్టం అనే అన్నాం. రోగిని లోపల పడుకోబెట్టి, తలుపు బిగించి, స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపుతూ పీడనం పెంచుతాం. బయటి గాలికి రెట్టింపు దాటిన పీడనంలో గంటన్నర ఉంచి, మళ్లీ నెమ్మదిగా తగ్గిస్తాం. రోజుకొక సిట్టింగు చొప్పున ముప్పై, ఒక్కోసారి నలభై. అలా చేస్తే రక్తంలో ఆక్సిజన్ బాగా కలిసి, మామూలుగా అందని చోటికి కూడా కొంత చేరుతుంది. నెలల తరబడి మానని పుండులో ఎర్రటి కొత్త కండ మొలుస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది.

అయితే ఇది మంత్రం కాదని మీరు గుర్తుంచుకోవాలి. పుండు శుభ్రం చేయకుండా, షుగరు అదుపు చేయకుండా, ఆ కాలి మీద బరువు తీయకుండా ఎంత ఆక్సిజన్ పట్టించినా వృథా. కొత్త మోజులో పెద్ద డాక్టరుగారు నడుము నొప్పులవాళ్లని కూడా లోపలికి పంపబోయారు. దీనికీ దానికీ ఏం సంబంధం అని నేను అడిగితే రెండు రోజులు మొహం చాటేశారు. మూడో రోజు ఆ కేసులు రావడం ఆగిపోయింది. ఆయన మంచి సర్జను. ఎవరైనా ఎదురు చెబితే తప్ప ఆగని మనిషి, అంతే.

నాకు పని నేర్పడానికి విశాఖపట్నం నుంచి ఒక మాస్టారు వచ్చి నెల్లాళ్లు ఉన్నారు. సముద్రం అడుగున పనిచేసే డైవర్లకు ఇలాంటి యంత్రాలే నడిపి రిటైరైన మనిషి. పెద్దగా మాట్లాడేవారు కాదు. నేను మీటర్లకేసి చూస్తూ కూర్చుంటే మాత్రం వెనకనుంచి వచ్చి ఒకే మాట అనేవారు.

"మొహం చూడండి సిస్టర్. మీటరు ఆలస్యంగా చెబుతుంది. మొహం ముందే చెబుతుంది."

నిజమే. ఆక్సిజన్ ఎక్కువై ఫిట్స్ వచ్చే ముందు పెదవి అదురుతుంది. చెవులు పట్టేస్తే కళ్లు చికిలిస్తారు. షుగరు పడిపోతుంటే నుదుట చెమట పడుతుంది. ఆ మాట నేను గుండెకు హత్తుకున్నాను. అంతగా హత్తుకోకుండా ఉంటే బాగుండేదని తర్వాత తెలిసింది.

నూనె సంగతి

ఆక్సిజన్ నిండిన గొట్టంలో చిన్న నిప్పురవ్వ పుట్టినా లోపలి మనిషి దక్కడు. అందుకే నూలు బట్టలు తప్ప ఏవీ పనికిరావు. నూనె, పౌడరు, అత్తరు, అగ్గిపెట్టె, బీడీ, వాచీ, సెల్‌ఫోను ఏవీ లోపలికి పోకూడదు. ఇది చెప్పడం తేలిక. పాటింపజేయడమే కష్టం.

మా తాడేపల్లిగూడెంలోనే ఉల్లిపాయల టోకు వ్యాపారం చేసే కుటుంబంలోని ఒక పెద్దావిడ వచ్చేవారు. మొదటి రోజు తలనుంచి కొబ్బరి నూనె కారుతోంది. వెనక్కి పంపాను. రెండో రోజూ అంతే.

"నూనె లేని తలతో గడప దాటి ఎలా వస్తానండీ? ఎవరన్నా పోయారేమో అనుకోరండీ జనం?" అన్నారు.

"లోపల నిప్పు అంటుకుంటే నిజంగానే అనుకుంటారండీ" అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది. కానీ మూడో రోజు కుంకుడు రసంతో తల రుద్దుకుని వచ్చారు. పుండు మానేదాకా నాతో ముక్తసరిగానే మాట్లాడారు. చివరి రోజున మాత్రం మా ఇంటికి ఒక బస్తా ఉల్లిపాయలు పంపారు. ఒక్క మనిషిని, బస్తా ఉల్లిపాయలు ఏం చేసుకోను. ఆదివారం చర్చి అయ్యాక అందరికీ పంచేశాను.

అలా కఠినంగా ఉండటం నాకు చేతనవును. అందరూ నన్ను గడుసుది అనేవారు. ఒక్కరి దగ్గరే మెత్తబడ్డాను.

సోమయ్య గారు

ఆకివీడు అవతల చేపల చెరువులకు కాపలా ఉండే మనిషి ఆయన. ఆ ప్రాంతం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, అక్కడ కాపలా అంటే గట్టు మీదే కాపురం. తాటాకు పాక, నులక మంచం, పొయ్యి, టార్చిలైటు. దాన్ని మకాం అంటారు. చుట్టూ నీళ్లు, కొల్లేటి పిట్టలు. భార్య చనిపోయింది, పిల్లలు లేరు. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. షుగరు వల్ల ఎడమ అరికాలిలో పుండు, అప్పటికి ఐదు నెలలై మానలేదు. ఇంకో ఊళ్లో కాలు తీసేయాలన్నారట.

"కాలు తీసేస్తే గట్టు ఎలా తిరుగుతానండీ? గట్టు తిరగలేనోడికి మకాం ఎవరిస్తారండీ?" అని అడిగారు మొదటి రోజు. ఆయనకు ఉద్యోగమూ ఇల్లూ రెండూ ఆ గట్టే. ఆ కాలు నిలబెట్టాలని నేను ఆ రోజే పంతం పట్టాను.

గొట్టంలో పడుకోబెట్టి తలుపు వేయగానే చాలామంది బెదిరిపోతారు. లోపలినుంచి అద్దం మీద కొట్టేవాళ్లుంటారు. సోమయ్య గారు హాయిగా పడుకున్నారు. లోపలికి మాట వినపడటానికి ఒక ఫోను ఉంటుంది. భయంగా లేదా అని అందులో అడిగాను.

"భయమెందుకండీ? గట్టు మీద గొంతు చించుకుని అరిచినా పలికేవోళ్లుండరు. ఇక్కడ మీరు ఎదురుగానే కూర్చున్నారు కదండీ."

ఆ యంత్రం ఏం చేస్తుందో డాక్టర్లకన్నా ఆయనకే ముందు అర్థమైంది. "తెల్లారగట్ల నీళ్లలో గాలి తగ్గిపోతే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయండీ. అప్పుడు ఇంజను వేసి నీళ్లు తిరగబెడతాం. మీరు నా కాలికి ఇంజను వేశారన్నమాట" అన్నారు. ఆ తర్వాత నేను ఏ రోగికి ఈ వైద్యం గురించి చెప్పినా ఆ మాటలే వాడాను.

ఎడమ కాలు నేల మీద ఆనించవద్దని చెప్పాం. అక్షరాలా పాటించారు. కర్ర ఒకటి పట్టుకుని, బరువంతా కుడి కాలి మీదే వేసి, గట్టు మీదనుంచి రోడ్డుకి వచ్చి, కైకలూరు మీదుగా బస్సులో ఏలూరు వచ్చేవారు. తోడు ఎవరూ వచ్చేవారు కాదు. తోడు లేకుండా రాకూడదని మా రూలు. నేనే చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఒకరోజు కుడి కాలికి చెప్పు లేకుండా వచ్చారు.

"మీ చెప్పేదండీ?" అన్నాను.

కిందికి చూసుకుని ఆశ్చర్యపోయారు. "అరె, ఉందనే అనుకుంటున్నానండీ. బస్సులోనే జారిపోయినట్టుంది."

ఎండలో బస్టాండునుంచి అంత దూరం ఉత్త కాలితో నడిచి వచ్చారు, ఆ సంగతి ఆయనకే తెలియలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. నర్సింగ్ మొదటి ఏడాది పిల్లయినా నవ్వకుండా ఆ కాలు ఎత్తి చూసి ఉండేది. కాలికి స్పర్శ పోయిందని ఆ చెప్పు అంత గట్టిగా చెప్పింది. నేను నవ్వాను.

నిజం రాస్తున్నాను. ఆయన రావడం నాకు బాగుండేది. పొద్దున రైల్లో కూర్చుని ఇవాళ ఏ పిట్ట గురించి చెబుతారో, ఏ చేప గురించి చెబుతారో అనుకునేదాన్ని. ఇంటికి వెళితే రేడియో తప్ప గొంతు వినపడని దాన్ని. ఆ గంటన్నర నాతో ఒక మనిషి తీరుబడిగా మాట్లాడేవాడు. అంతకుమించి ఏమీ లేదు. కానీ అది నాకు తక్కువేమీ కాదు.

దుప్పటి

మా గది చిన్నది. యంత్రం అడ్డంగా పట్టక, మీటర్ల బల్లా నా కుర్చీ రోగి కాళ్ల వైపు పెట్టాల్సి వచ్చింది. నేను కూర్చుంటే ముందు రోగి అరికాళ్లు, వాటికి అవతల మొహం కనపడేవి. రెండో రోజు తలుపు వేయబోతుంటే సోమయ్య గారు నన్ను ఆపారు.

"సిస్టర్ గారూ, మరోలా అనుకోకండి. నా అరికాళ్లు సరిగ్గా మీ మొహానికి ఎదురుగా ఉంటున్నాయండీ. దేవుడి పని చేసే మనిషివైపు కాళ్లు చాపి పడుకోవడం తప్పండీ. ఏదన్నా కప్పుదురూ."

మన వైపు పెద్దవాళ్ల ఎదుట కాళ్లు చాపరు. పొరపాటున కాలు తగిలితే చెయ్యి కళ్లకద్దుకుంటారు. నేను కాదనాల్సింది. కానీ ఎవరైనా నన్ను అంతగా మన్నించి ఎన్నాళ్లయిందో. నూలు దుప్పటి తెచ్చి నడుము దాకా కప్పాను. మర్నాడు ఆయన అడగకముందే కప్పాను. తర్వాత అది మా ఇద్దరికీ అలవాటైపోయింది.

రోజూ ఎడమ కాలికి కట్టు నేనే మార్చేదాన్ని. పుండు దగ్గరపడుతోంది, అంచులనుంచి లేత చర్మం వస్తోంది. పెద్ద డాక్టరుగారు వచ్చి, ఎడమ కాలు చూసి, భుజం తట్టి వెళ్లేవారు. చాంబర్‌లో ఉన్న సోమయ్య గారి మొహం నేను చూస్తూ కూర్చునేదాన్ని, మాస్టారు నేర్పినట్టే. చివరి వారం తలుపు తీయగానే ఏదో వాసన వచ్చేది. చెరువు వాసన అనుకున్నాను. చేపల మేత మోసే మనిషి దగ్గర ఇంకేం వాసన వస్తుందని సర్దుకున్నాను.

ఇరవై ఏడో సిట్టింగు అయ్యాక దుప్పటి మడత పెడుతుంటే రూపాయి బిళ్లంత మరక కనపడింది. టీ రంగులో ఉంది. ఎడమ వైపు కాదు, కుడి వైపు.

"సోమయ్య గారూ, ఆ కాలు ఇలా పెట్టండి."

"అది బాగానే ఉందండీ. దానికేం కాలేదు."

"పెట్టండి."

సిగ్గుపడుతూ పెట్టారు. మడమ అంతా నల్లబడింది. మధ్యలో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. ఫోర్సెప్స్‌తో తీస్తే బొటనవేలిలో సగం పొడవున్న చేప ముల్లు వచ్చింది. గట్టు మీద ఎప్పుడో గుచ్చుకుంది. దాని మీదే రోజుల తరబడి మనిషి బరువంతా మోపి నడిచారు, ఎడమ కాలిని కాపాడటానికి.

"ఎప్పుడు గుచ్చుకుందండీ ఇది?"

"తెలీదండీ. నొప్పి లేదే" అన్నారు. ఆ ముల్లుకేసి ఎవరిదో అన్నట్టు చూశారు.

అప్పటికే కుళ్లు ఎముకకి పాకింది. మూడు రోజుల్లో జ్వరం పెరిగి, ఒళ్లంతా విషం ఎక్కే స్థితి వచ్చింది. కుడి కాలు మోకాలి కింద తీసేశారు. ఎడమ కాలి పుండు ఆ వారంలోనే పూర్తిగా మూసుకుపోయింది.

రెండు మాటలు

దుప్పటి సంగతి పెద్ద డాక్టరుగారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ విన్నారు.

"మనం ట్రీట్‌మెంట్ ఇచ్చింది ఎడమ కాలికమ్మా. అది మానింది. కుడి కాలు మన కేసు కాదు. నువ్వు ఎక్కడా ఈ మాట అనకు" అన్నారు.

మానిన ఎడమ పాదం ఫొటో పెద్దది చేయించి వెయిటింగ్ హాల్లో పెట్టించారు. ఎడమ పాదం వరకే కత్తిరించిన ఫొటో అది. రోజూ దాని ముందునుంచే నడిచేదాన్ని. ఆయన్ని తిట్టుకోవడం తేలికే కానీ, రోజూ గంటన్నర ఆ కాలి ఎదురుగా కూర్చున్నది నేను. ఆయన పుండు చూశారు, నేను మొహం చూశాను. మనిషిని ఎవరమూ చూడలేదు.

ఎవరితోనూ అనవద్దన్న మాట నేను వినలేదు. వార్డులో సోమయ్య గారి మంచం దగ్గరకి వెళ్లి చెప్పేశాను.

"తప్పు నాదండీ. ఆ దుప్పటి నేను కప్పకూడదు."

"నేనడిగితేనే కదండీ కప్పారు."

"మీరడిగినా కప్పకూడదు. చూడటం నా పని."

"ఒక మనిషి మొహం ముందు అరికాళ్లు పెట్టి పడుకోవడం నా వల్ల కాదండీ. ఇప్పుడడిగినా కాదనే అంటాను" అన్నారు. ఆ వెంటనే, "రేపు కూడా ఇటు వస్తారాండీ?" అని అడిగారు.

తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. డిశ్చార్జి అయ్యేదాకా రోజూ వెళ్లాను.

ఆ తర్వాత నా దగ్గరకి వచ్చిన ప్రతి రోగికీ ముందు రెండు కాళ్లూ చూసేదాన్ని. పుండు చేతికి ఉన్నా సరే. పెద్దవాళ్లు మొహమాటపడితే, ముందు వాళ్ల పాదం పట్టుకుని తర్వాత మాట్లాడేదాన్ని. మీరూ అలాగే చేయండి. మర్యాద పేరుతో ఎవరు ఏది దాచినా దాని కిందే చూడండి.

ఆయన అడిగిన ప్రశ్న

మకాం పోయింది. ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పని దొరికింది. కొయ్యకాలు పెట్టించుకుని, నెలకొకసారి ఉన్న ఆ ఒక్క పాదం చూపించుకోవడానికి బస్సులో నా దగ్గరకి వచ్చేవారు. స్టూలు మీద కాలు పెట్టి మొహం గోడవైపు తిప్పుకునేవారు. నేను వేళ్ల సందులు కూడా చూసి, కడిగి, పొడిగా తుడిచి పంపేదాన్ని.

ఒకసారి నేను టీలో పంచదార వేసుకోకపోవడం చూశారు.

"మీకూ వచ్చిందా అండీ షుగరు?"

"వచ్చి రెండేళ్లయిందండీ."

"మరి మీ కాళ్లు ఎవరు చూస్తారండీ?"

"నేనే చూసుకుంటాను."

"అరికాలు ఎవరికి వాళ్లకి కనపడదు కదండీ. ఇలా పెట్టండి, నేను చూస్తాను. నాకిప్పుడు ఏం చూడాలో బాగా తెలుసు."

ఆయన నిజంగానే అన్నారు. కర్ర పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నారు కూడా. నేను కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాను. "మీ పని మీరు చూసుకోండి" అన్నాను, రోగుల మీద కసిరే గొంతుతో. ఆయన తల వంచుకుని చెప్పు తొడుక్కున్నారు. ఇంకెప్పుడూ అడగలేదు.

కొన్నాళ్లకు యంత్రం తలుపు సీలు పాడైంది. బాగుచేసే మెకానిక్ రాలేదు. పెద్ద డాక్టరుగారు దాన్ని ఎవరికో ఇచ్చేశారు. గది మళ్లీ స్టోర్‌రూమ్ అయింది. సోమయ్య గారు ఇంకో మూడు నాలుగు సార్లు వచ్చారు. తర్వాత రాలేదు. ఈ నెల వస్తారు, వచ్చే నెల వస్తారు అనుకున్నాను. ఆకివీడు ఎంత దూరం. బస్సెక్కి ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర అడిగితే చెప్పేవారు. నేను వెళ్లలేదు. గేటు దగ్గర వేరే మనిషి కూర్చుని ఉంటే ఏం చేయాలో నాకు తెలియలేదు. ఉద్యోగంలో చేసిన తప్పులన్నీ ఒప్పుకోగలను కానీ, ఈ తప్పు తలుచుకుంటేనే ఏడుపు వస్తుంది.

అద్దం

రిటైరయ్యాక రోజూ పొద్దున నేల మీద అద్దం పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, ఒక్కో పాదం దాని మీదుగా పట్టుకుని చూసుకుంటాను. ఒంటరిగా ఉండే ప్రతి షుగరు రోగికీ నేను ఇదే చెప్పాను. ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్లని చూడమనండి, ఎవరూ లేకపోతే అద్దం. అయితే వయసు మీద పడ్డాక మెడ వంగదు, కళ్లకు పొర వస్తుంది. అద్దంలో కనపడింది మచ్చో మురికో తెలియదు.

మొన్న ఎడమ మడమ దగ్గర ఒక చుక్క కనపడింది. తుడిస్తే పోలేదు. ఏలూరు వెళ్లాను. నేను పనిచేసిన ఆసుపత్రికి కాదు, వేరే చోటికి. అక్కడ నర్సు ఇరవై ఏళ్ల పిల్ల, నేనెవరో తెలియదు. స్టూలు లాగి, "కాలు పైన పెట్టండమ్మగారూ" అంది. నా అరికాలు సరిగ్గా ఆ పిల్ల మొహానికి ఎదురుగా వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. దుప్పటి ఏదైనా ఉందా అమ్మా అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆయన ఆ రోజు దుప్పటి ఎందుకు అడిగారో అప్పుడు తెలిసింది.

ఆ పిల్ల చుక్కని శుభ్రం చేసి, చిన్నదే, తొందరగా వచ్చారు, భయం లేదు అంది. కట్టు కట్టి లేవబోయింది.

"రెండోది కూడా చూడమ్మా" అన్నాను.

"అది బాగానే ఉంది కదండీ?"

"చూడు."

మళ్లీ కూర్చుని నా కుడి పాదం రెండు చేతుల్లోకి తీసుకుంది. అమ్మ పోయాక నా పాదం ఎవరూ పట్టుకోలేదు. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో నాకు తెలియలేదు, నా కాళ్లకు స్పర్శ పోయి చాలా రోజులైంది. అందుకని కళ్లు దించి చూశాను. పట్టుకునే ఉంది.